యుద్ధ స్మారకాల సంరక్షణ: రాయి, కంచు, ఇనుము పాడవకుండా దశలవారీగా చేయాల్సిన పనులు

ఏడాది పొడవునా పడే వానకంటే, ఆగస్టు 15కి రెండు రోజుల ముందు జరిగే హడావుడి శుభ్రతే యుద్ధ స్మారకానికి ఎక్కువ చేటు చేస్తుంది. పాలరాతి మీద బాత్రూమ్ యాసిడ్ పోస్తారు. కంచు ఫలకాన్ని చింతపండుతో తోముతారు. గ్రానైట్ దిమ్మకు వెండి రంగు ఎనామెల్ కొడతారు. ఆ ఉదయానికి అంతా మెరుస్తుంది. అయితే యాసిడ్ పోసిన ప్రతిసారీ అక్షరాల అంచులు కొంచెం కొంచెం కరిగిపోతాయి. చనిపోయిన సైనికుల పేర్లే స్మారకానికి ప్రాణం కాబట్టి, ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి పనికీ ఒకటే కొలమానం: ఆ పని తర్వాత పేర్లు ఇప్పుడున్నంత స్పష్టంగానైనా మిగలాలి.

ఇది మాజీ సైనికుల సంఘాలు, పంచాయతీలు, మున్సిపల్ సిబ్బంది, పాఠశాలల చేతుల్లో ఉన్న చిన్న, మధ్యస్థ స్మారకాల కోసం. సాధారణంగా వీటిలో ఒక రాతి స్తూపం, దాని మీద పేర్ల ఫలకం, చుట్టూ ఇనుప గొలుసు ఉంటాయి. కొన్నిచోట్ల తుపాకి మీద హెల్మెట్ బోర్లించిన శిల్పమో, పాత ఫిరంగో ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశంలోని చాలా ఊళ్లలో ‘ఈ గ్రామం నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు’ అని చెక్కిన చిన్న పాలరాతి ఫలకాలు పెట్టారు. అవి కూడా ఈ కోవలోకే వస్తాయి.

మొదటి పని: యజమాని ఎవరో తేల్చుకోవడం, రికార్డు రాయడం

బ్రష్ పట్టుకునే ముందు లిఖితపూర్వక అనుమతి ఉండాలి. కేంద్ర పురావస్తు శాఖ లేదా రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని వాళ్ల అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కంటోన్మెంట్‌లో ఉన్నవాటికి స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌ను అడగాలి. చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సిమెట్రీ లాంటివి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నిర్వహణలో ఉంటాయి. అక్కడ బయటివాళ్లు చేయాల్సిన పనేమీ ఉండదు.

తర్వాత ఫోటోలు. నాలుగు వైపులా ఒక్కొక్కటి, ఆపైన ప్రతి ఫలకం దగ్గరగా, పక్కన సెంటీమీటర్ల స్కేలు పెట్టి తీయండి. అరిగిన అక్షరాలు మధ్యాహ్నం ఎండలో కనిపించవు. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుంటే అవే అక్షరాలు నీడలతో లేచి కనబడతాయి. ప్రతి పేరునూ, హోదానూ, రెజిమెంటునూ ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీదికి ఎక్కించండి. స్పెల్లింగ్ తప్పు అనిపించినా రాతి మీద దిద్దవద్దు. పుస్తకంలో పక్కన రాసుకోండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసే పద్ధతి పొడిపొడిగా రాలే రాతికి పనికిరాదు.

ఏ పదార్థమో గుర్తించడం

చికిత్స మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు. అంటుకోకపోతే కంచు, ఇత్తడి, అల్యూమినియం, సీసం, ఫైబర్‌లలో ఏదైనా కావచ్చు. ఈమధ్య పెట్టిన ‘కంచు విగ్రహాలు’ చాలావరకు కంచు రంగు వేసిన ఫైబర్ లేదా సిమెంటు. వేలితో తడితే కంచు ఖంగుమంటుంది, ఫైబర్ డొల్లగా మోగుతుంది. ఫైబర్ మీద థిన్నర్ గానీ టర్పెంటైన్ గానీ వాడితే రంగంతా ఊడి వస్తుంది. దానికి మెత్తని గుడ్డ, సబ్బునీళ్లు చాలు.

రాళ్లను రెండు వర్గాలుగా చూడండి. గ్రానైట్ యాసిడ్‌కు త్వరగా లొంగదు. పాలరాయి, షాబాద్, తాండూరు, కడప బండల్లాంటి సున్నపురాళ్లు మాత్రం నిమ్మరసానికి కూడా కరుగుతాయి. ఎప్పుడో రాలిపోయిన పలుకు దొరికితే దాని మీద ఒక చుక్క నిమ్మరసం వేయండి. బుడగలు వస్తే సున్నపురాయే. ఈ పరీక్ష రాలిన పలుకు మీదే చేయాలి, స్తూపం మీద వద్దు. ఇసుకరాయిలో ఇసుక రేణువులను పట్టి ఉంచే బంధం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా సున్నపురాయంత జాగ్రత్తగానే చూడాలి.

పనుల వరుస

ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. ముందు మొక్కలు, నాచు తీయాలి. రెండోది ఇనుము పని. ఇనుమును గీకేటప్పుడు ఎగిరే రజను రాతి మీద, కంచు మీద పడితే వారంలో తుప్పు చుక్కలవుతుంది. అందుకే దాన్ని ముందే ముగించాలి, పక్కవాటిని పాలిథీన్‌తో కప్పాలి. మూడోది కంచును కడగడం, నాలుగోది రాతిని కడగడం, ఐదోది అతుకులు నింపడం. కంచుకు మైనం అన్నిటికన్నా చివర పట్టించాలి. ముందే పట్టిస్తే సున్నం దుమ్ము దానికి అంటుకుంటుంది.

రాతి శుభ్రత

అవసరమైనవి: 20 లీటర్ల క్యాన్లలో ఆర్‌ఓ నీళ్లు, చేతి స్ప్రేయర్, నైలాన్ లేదా సహజ పీచు బ్రష్‌లు, వెదురు పుల్లలు, స్పాంజి. బోరు నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు రాతిలోకి దిగి, ఎండాక తెల్లటి పొరగా బయటికొస్తాయి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటర్‌తో చూస్తే 50 పీపీఎం లోపు ఉన్న నీళ్లు మంచివి.

రాతి మీద వేలు రాసి చూడండి. వేలికి పంచదార పలుకుల్లాంటివి అంటుకుంటే రాతి పైపొర బంధం పోయిందని అర్థం. అక్కడ నీళ్లు, బ్రష్ రెండూ నిషేధం.

గట్టిగా ఉన్న రాతికి ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఎవరికీ కనబడని మూల 10×10 సెంటీమీటర్ల చోట పరీక్ష చేసి, అది పూర్తిగా ఆరాక చూడండి. తడి రాయి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. తర్వాత కింద నుంచి పైకి తడుపుతూ, బ్రష్‌తో గుండ్రంగా తోముతూ, చివరికి పైనుంచి కిందికి కడగండి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు కిందనున్న పొడి రాతిలోకి ఇంకి చారలు పడతాయి. పాలిష్ గ్రానైట్‌కైతే లీటరు నీళ్లకు 5 మి.లీ. నాన్-అయానిక్ డిటర్జెంట్ కలుపుకోవచ్చు. ట్రైటాన్ ఎక్స్-100 అని ల్యాబ్ కెమికల్స్ షాపుల్లో దొరుకుతుంది.

ప్రెషర్ వాషర్, ఇనుప బ్రష్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ వాడకూడదు. బ్లీచింగ్ నాచును తెల్లగా చేస్తుంది గానీ దానిలోని క్లోరైడు రాతిలో దాక్కుని, పక్కనున్న కంచును, లోపలున్న ఇనుప బిగింపులను తినేస్తుంది. ఇనుప బ్రష్ విడిచిన సన్నని తీగ ముక్కలు మొదటి వానకే ఎర్రబడతాయి.

నాచు, పాకురు, రాతిపూత ఉన్నచోట బెంజాల్కోనియం క్లోరైడు బాగా పనిచేస్తుంది. కోస్తాలో దీన్ని వెతుక్కోనక్కర్లేదు. రొయ్యల చెరువులకు వాడే బీకేసీ ఇదే, ఆక్వా మందుల షాపుల్లో ఉంటుంది. లేబుల్ మీద రంగులు, ఇతర మందులు కలపలేదని చూసుకుని, 50 శాతం ద్రావణం తీసుకోండి. లీటరు నీళ్లకు 30 మి.లీ. కలిపితే దాదాపు ఒకటిన్నర శాతం అవుతుంది. వాన సూచన లేని రోజున చల్లి, వారం వదిలేసి, చచ్చిన నాచును పీచు బ్రష్‌తో తీయండి. సబ్బుతో కలపవద్దు, బలం పోతుంది. చేపలకు విషం కాబట్టి కడిగిన నీళ్లు చెరువులోకో కాలవలోకో పోకూడదు.

అతుకుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కను పీకితే వేరుతో పాటు రాయి కూడా కదులుతుంది. మొదలు దగ్గర కోసి, కోసిన చోట కలుపుమందు పూయించండి. గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ల చేతే వాడించాలి. వేరు పూర్తిగా ఎండాకే బయటికి లాగాలి.

ఉప్పు, తుప్పు మరకలు, పాత రంగు

తెల్లటి ఉప్పు పొరను పొడి బ్రష్‌తో చేటలోకి దులిపి బయట పారేయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఇంకా వస్తుంటే టిష్యూ పేపర్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో గుజ్జుచేసి, 1–2 సెంటీమీటర్ల మందంగా పట్టు వేయండి. పూర్తిగా ఎండాక తీసేస్తే ఉప్పు గుజ్జులోకి వచ్చేసి ఉంటుంది. సముద్రతీరంలో రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు.

పాలరాతి మీద తుప్పు మరకకు: సోడియం సిట్రేట్ 1 వంతు, గోరువెచ్చని నీళ్లు 6 వంతులు, గ్లిజరిన్ 7 వంతులు కలిపి, సుద్దపొడితో ముద్దచేసి ఒక సెంటీమీటరు మందంగా పూయండి. ఎండాక చెక్క గరిటెతో తీసి, కడిగి, మరక మిగిలితే మళ్లీ వేయండి. ఎక్కడి నుంచి తుప్పు కారుతోందో దాన్ని సరిచేయకుండా మరక తీయడం దండగ. చాలాచోట్ల అది పూలదండల ఇనుప తీగ నుంచే వస్తుంది. దండలకు, పుష్పగుచ్ఛాలకు స్తూపం ముందు ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ స్టాండు పెట్టించండి. దానితో కుంకుమ, కర్పూరం మసి, కొబ్బరినీళ్ల బెడద కూడా చాలావరకు తగ్గుతుంది. పాలాభిషేకాలను మర్యాదగానే ఆపించాలి. పాలు పులిస్తే వచ్చే లాక్టిక్ యాసిడ్ పాలరాతినీ కంచునూ రెండింటినీ తింటుంది.

ఎనామెల్ పొరలు తీయడానికి బెంజైల్ ఆల్కహాల్ ఆధారిత పెయింట్ రిమూవర్ పూసి, పాలిథీన్ కప్పి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో తీయండి. గ్రైండర్‌కు గరుకు డిస్క్ బిగించి గీకితే రంగుతో పాటు అక్షరాలూ పోతాయి.

అతుకులు, లోపలి ఇనుప బిగింపులు

రాతి అతుకులను సిమెంటుతో నింపడం చాలా సాధారణంగా కనబడే తప్పు. సిమెంటు మెత్తటి రాతికంటే గట్టిది. తేమ అతుకు గుండా ఆరలేక రాతి గుండా ఆరుతుంది, ఉప్పు అక్కడే పేరుకుంటుంది, చివరికి సిమెంటు నిలబడి రాయి రాలిపోతుంది. ఊడుతున్న సిమెంటును సన్న ఉలితో చేత్తో తీయండి. రాతిని గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని మాత్రం అలాగే వదిలేయండి. దాన్ని తీయబోతే అంచులు విరుగుతాయి.

అతుకు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 20–25 మి.మీ. ఖాళీచేసి, తడిపి, సున్నం మాలు నింపాలి. మూడు నెలలు నీళ్లలో నానిన సున్నం ముద్ద 1 వంతు, సుర్కీ (ఇటుక పొడి) అర వంతు, జల్లించిన నది ఇసుక 2 వంతులు బాగా పనిచేస్తాయి. డంగు సున్నం చేసే మేస్త్రీ దొరికితే అదృష్టమే. నింపాక ఏడు రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ఎండలో ఒక్క మధ్యాహ్నం ఆరిపోయినా మాలు పిండిలా రాలుతుంది.

రాతిలో అతుకుకు సమాంతరంగా పగులు వచ్చిందంటే లోపల ఇనుప బిగింపు తుప్పు పట్టిందేమో అనుమానించాలి. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి గ్రానైట్ కూడా చీలుతుంది. పగులును పైపైన పుట్టీతో పూడ్చితే లోపలి ఇనుము ఆగదు. పాత బిగింపును తీసి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ పెట్టాలి. కడ్డీ 8 మి.మీ. అయితే రంధ్రం 12–14 మి.మీ. ఉండాలి. సుత్తి దెబ్బ లేని డ్రిల్లింగే చేయాలి.

కంచు: ఫలకాలు, విగ్రహాలు

ఢిల్లీలోని తీన్ మూర్తి హైఫా చౌక్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల (అశ్విక దళాల) స్మృతిలో మూడు కంచు సైనిక విగ్రహాలున్నాయి. ఇలాంటి పాత కంచు మీద ముదురు గోధుమ, నల్లటి, ముదురు ఆకుపచ్చ పొర గట్టిగా, సమంగా ఉంటే అది కంచుకు కవచం. దాన్ని తోమి బంగారు రంగు తేవడమంటే ప్రతిసారీ ఒక పొర లోహాన్ని పారేయడమే. చింతపండులోని ఆమ్లం రాగిని కరిగిస్తుంది, అమ్మోనియా ఉన్న పాలిష్ అంతకన్నా వేగంగా కరిగిస్తుంది. నువ్వుల నూనె, కొబ్బరి నూనె పూస్తే వాటిలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి జిడ్డుగా ఆకుపచ్చ పొర కడతాయి, దుమ్ము దాని మీద పేరుకుంటుంది.

భయపడాల్సింది లేతాకుపచ్చ పొడికి. ఒకచోట మొటిమల్లా లేచి, తుడిచినా కొన్ని రోజుల్లో మళ్లీ వస్తే అది క్లోరైడు చిలుము. లోపలున్న కాపర్ క్లోరైడు గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తిని మళ్లీ క్లోరైడును తయారుచేస్తుంది. విశాఖ తీరంలో లాగా ఉప్పుగాలి తగిలేచోట ఇది ఎప్పుడూ పొంచి ఉంటుంది.

ఫలకాన్ని విప్పడం. ఇనుప స్క్రూలతో బిగించిన ఫలకాన్ని తప్పకుండా విప్పాలి. కంచు, ఇనుము తడిలో కలిసి ఉంటే ఇనుము త్వరగా తినబడి, స్క్రూ చుట్టూ ఎర్రటి చార దిగుతుంది. 60×90 సెంటీమీటర్లు, 10 మి.మీ. మందం ఉన్న కంచు ఫలకం దాదాపు 47 కిలోలు ఉంటుంది. ఇద్దరు పట్టుకోవాలి, కింద చెక్క ఆసరా ఉండాలి. స్క్రూ చుట్టూ పాలిథీన్ ముక్క పెట్టి, తుప్పు వదిలించే నూనెను డ్రాపర్‌తో రెండే చుక్కలు వేయండి. నూనె రాతిలోకి దిగితే మరక పోదు. తిరగని స్క్రూ తలను డ్రిల్‌తో తొలిచేయండి, గునపంతో పెకలించవద్దు. తిరిగి బిగించేటప్పుడు 316 స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు, వెనక 6 మి.మీ. నైలాన్ స్పేసర్లు వాడితే వెనక చేరిన నీరు జారిపోతుంది. చుట్టూ సిలికాన్ పెట్టి మూసేస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

కడగడం. 10 లీటర్ల ఆర్‌ఓ నీళ్లలో 50 మి.లీ. నాన్-అయానిక్ డిటర్జెంట్, మెత్తని బ్రష్. పాత మైనం పసుపెక్కి, మచ్చలుగా ఉంటే పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్‌తో తీయండి. క్లోరైడు మొటిమలను వెదురు పుల్లతో గోకి, డిస్టిల్డ్ వాటర్‌తో పదేపదే కడగాలి. కడిగిన నీళ్లను గాజు గొట్టంలో తీసుకుని, ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే, క్లోరైడు ఇంకా ఉంటే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడటం ఆగేదాకా కడగండి. తర్వాత ఒక రోజంతా ఎండలో ఆరనివ్వండి.

చిలుము నిరోధకం. క్లోరైడు ఉన్న కంచుకు బెంజోట్రయజోల్ కావాలి. 500 మి.లీ. ఇథనాల్‌లో 15 గ్రాములు కలిపితే 3 శాతం ద్రావణం. పైన చెప్పిన సైజు ఫలకానికి రెండు పూతలకు ఇది సరిపోతుంది. గంట తర్వాత మిగిలిన తెల్లటి పొడిని ఇథనాల్ గుడ్డతో తుడవండి. నైట్రైల్ గ్లవుజులు, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మైనం. మైక్రోక్రిస్టలైన్ మైనం పేస్ట్ మాత్రమే వాడండి. కారు పాలిష్‌లో గరుకు పొడి, సిలికాన్ ఉంటాయి. ఉదయం ఎండకు కంచు గోరువెచ్చగా, చెయ్యి హాయిగా పెట్టగలిగేంత వేడిగా ఉన్నప్పుడు పంది వెంట్రుకల బ్రష్‌తో పలచగా పట్టించండి. అక్షరాల సందుల్లో పేరుకుంటే తర్వాత తెల్లగా కనిపిస్తుంది కాబట్టి పొడి బ్రష్‌తో బయటికి లాగేయండి. అరగంటకు నూలు గుడ్డతో రుద్ది, మర్నాడు రెండో పూత. గ్యాస్ టార్చితో వేడిచేసి పట్టించే పద్ధతి ఎక్కువకాలం నిలుస్తుంది గానీ అనుభవం లేని చేతిలో కంచు రంగు మారిపోతుంది. ఇన్‌క్రాలాక్ అనే అక్రిలిక్ లాకర్ పూత కూడా ఉంది. అది ఒకచోట చిట్లితే దాని కింద చిలుము వ్యాపిస్తుంది, అప్పుడు మొత్తం తీయాల్సి వస్తుంది. ఏటా చూసుకునే మనుషులున్న స్మారకానికి మైనమే నయం.

మైనం ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి కాసిని నీళ్లు చల్లండి. ముత్యాల్లా నిలబడి జారితే ఉన్నట్టు, పొరలా పరుచుకుంటే మళ్లీ పట్టించే వేళయినట్టు.

ఇనుము: గొలుసులు, గేట్లు, ఫిరంగులు

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దవద్దు, తడిపి రుద్దండి, రజనును గుడ్డ మీద పట్టి సీల్ చేయండి. వదులు తుప్పు తీసి, ఆర్‌ఓ నీళ్లతో కడిగి, ఆరిన రోజే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయాలి. వానాకాలం గాలిలో రాత్రంతా వదిలేసిన ఇనుముకు తెల్లారేసరికి మళ్లీ తుప్పు వస్తుంది. రెండు పూతల ప్రైమర్, ఒక మధ్యపూత, పైన ఒకటో రెండో పాలీయురెథేన్ పూతలు కలిపి 200 మైక్రాన్ల మందం ఉండాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజు రంగు పని ఆపేయండి. ఫిరంగి గొట్టంలో, ట్యాంకు అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా చూడండి. గొట్టం మూతికి గాలి ఆడే బిరడా పెట్టండి.

అక్షరాలు

గ్రానైట్‌లో చెక్కిన అక్షరాలకు రంగు పోతే, చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి, సన్న బ్రష్‌తో సైన్‌బోర్డు ఎనామెల్ పలచగా రెండుసార్లు వేయండి. బంగారు రంగు ఎండకు త్వరగా నల్లబడుతుంది. అసలు బంగారు రేకు అద్దితే ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. పాలరాతిలో సీసపు అక్షరం ఊడితే జిగురుతో అంటించవద్దు. దాని కిందనున్న చిన్న గుంతలను శుభ్రంచేసి, 3 మి.మీ. సీసపు రేకును చెక్క సుత్తితో వాటిలోకి దిగేదాకా కొట్టి, అంచులు ఉలితో సరిచేయాలి. చేతికి గ్లవుజులు ఉండాలి, పనయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. రాతిని లోతుగా మళ్లీ చెక్కించడం అసలు అక్షరశైలిని చెరిపేస్తుంది. చదవడానికి బొత్తిగా వీలుకాని పక్షంలో, పాత ఫలకాన్ని అలాగే ఉంచి, పక్కన పేర్లతో కొత్త ఫలకం పెట్టడం మేలు.

ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

మన వాతావరణంలో సున్నం పనికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, మైనానికి ఫిబ్రవరి–మార్చి అనుకూలం. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి అప్పుడు మొదలుపెట్టవద్దు. జూన్ మొదటి వారంలో నీరు నిలిచే చోట్లు, మూసుకున్న రంధ్రాలు చూడాలి. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్, ఆగస్టు 15, డిసెంబరు 16 విజయ్ దివస్, జనవరి 26కు ముందు పొడి బ్రష్, తడి గుడ్డ, మెత్తని నూలు గుడ్డతో కంచును రుద్దడం, ఇవే చాలు. తీరంలో ఉన్న కంచును నెలకోసారి ఆర్‌ఓ నీళ్లతో కడిగి, ఏటా రెండుసార్లు మైనం పట్టించాలి. లోపలి ఊళ్లలో ఏడాదికి ఒకసారి సరిపోతుంది. ప్రతి పనికీ తేదీ, వాడిన పదార్థం, కొలత, చేసినవారి పేరు రిజిస్టరులో రాయండి. పదేళ్ల తర్వాత వచ్చే వ్యక్తికి ఆ మైనం ఏదో, ఆ సున్నంలో ఏం కలిపారో తెలియాలి.

ఎక్కడ ఆగాలి

రాయి పలుకులుగా రాలుతున్నా, పొరలుగా లేస్తున్నా, స్తూపం ఒరిగినా, బరువు మోసే రాయి చీలినా, విగ్రహం కాలి దగ్గర పగులు కనిపించినా చేతులు వెనక్కి తీసుకోండి. విగ్రహం లోపలి ఇనుప చట్రం తుప్పు పట్టిందని ఆ పగులు చెబుతుండొచ్చు. ఒరిగిన స్తూపానికి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. రాతినీ కంచునూ నిపుణులకు చూపించాలంటే లక్నోలోని సాంస్కృతిక ఆస్తుల సంరక్షణ జాతీయ పరిశోధనశాల, దానికి మైసూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. రాసేటప్పుడు మొదట తీసిన ఫోటోలు, టార్చి వెలుగులో తీసినవి, రిజిస్టరు నకలు జతచేయండి. రాలిన పలుకులను, ఊడిన సీసపు అక్షరాలను పారేయకుండా, ఎక్కడివో రాసిన కవర్లలో దాచి ఉంచండి.